పెనుగాలి – ఇంటి కప్పు – బీమా లెక్క



మన ఒంగోలు సీమకు సముద్రము చేరువ. కార్తీకమాసమున మబ్బు కమ్మినచో రైతు గుండె ఝల్లుమనుట మనకు క్రొత్త గాదు. పెనుగాలి వలన కట్టడములకు ఎంత నష్టము కలుగవచ్చునో బీమా సంస్థలవారు ముందుగనే లెక్క వేయుదురు. ఆ లెక్క బీమా లేనివారికిని తెలియదగినది.

వారు ముఖ్యముగా మూడు విషయములు విచారింతురు. ఆ చోట ఎంత గాలి వీచవచ్చును? కట్టడము దానికెంత తాళును? పోయినదానిని తిరిగి కట్టుటకెంత సొమ్ము కావలెను?

మొదటిదానికి భారత ప్రమాణముల సంస్థవారి గాలివేగ పటము ఆధారము. మన తీరమునకు అందు సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు నిర్ణయింపబడినది. 2023 డిసెంబరు 5న బాపట్ల చేరువను తీరము దాటిన మిచౌంగ్ తుపానులో విసురుగాలుల వేగము గంటకు సుమారు 110 కిలోమీటర్లు. "దానికే చెక్కు చెదరలేదు, ఇక భయమేమి?" అందురు కొందరు. కాని వేగము రెట్టింపైనచో గాలి ఒత్తిడి నాలుగు రెట్లగును. ఆ లెక్కను 110 నుండి 180కి పెరిగినపుడు ఒత్తిడి రెండున్నర రెట్లు దాటును. కావున మొన్నటి గాలికి నిలిచిన ఇల్లు రేపటి గాలికిని నిలుచునని చెప్పరాదు.

ఇక కట్టడపు బలము. నష్టము తరచుగా కప్పుతో ఆరంభమగును. గాలి కప్పును క్రిందికి నొక్కునని మనము తలంతుము. రేకుల కప్పును అది ఎక్కువగా పైకి లాగును. చూరునందును మూలలయందును ఆ లాగుడు హెచ్చు. గాలివైపు తలుపు ఊడినచో, లోన జొరబడిన గాలియు కప్పును పైకి నెట్టును. కావున రేకు వాసమునకును, వాసము దూలమునకును, దూలము గోడకును ఎట్లు బిగింపబడినవో చూడవలెను. వీనిలో ఒక్క బిగింపు సడలినను కప్పు నిలువదు. గొప్ప కట్టడములును దీనికి మినహాయింపు గావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు విశాఖపట్టణ విమానాశ్రయపు కప్పే దెబ్బతినెను. 1997లో కేంద్ర ప్రభుత్వ పక్షమున వెలువడిన దుర్బలతా పటముల సంపుటము సైతము ఇండ్లను గోడలను, కప్పులను బట్టియే వర్గీకరించి, జిల్లాల వారీగా అపాయమును చూపినది.

మూడవది విలువ. తిరిగి కట్టుటకగు ఖర్చే లెక్కకు వచ్చును. స్థలపు ధర అందు చేరదు. 2021 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను నష్టము చేరియున్నది. ప్రీమియము తగ్గునని విలువ తగ్గించి వ్రాయించినవారికి, నష్టము వచ్చిననాడు ఆ మొత్తమునకు మించి రాదు.

సోదరులారా! మిర్చి గోదామైనను, పొగాకు బ్యారనైనను, నివాసగృహమైనను, వర్షకాలమునకు ముందే నిచ్చెన వేసి బిగింపులు చూచుకొనుడు. ఈ గ్రంథాలయపు కప్పును గూడ చూడవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాను. బీమా సొమ్ముతో క్రొత్త కప్పు వేయవచ్చును. ఇరువదియైదేండ్లుగా కూర్చుకొన్న పాత సంచికలు వానపాలైనచో మరల దొరకవు.