అద్దె సైకిలు



సదుం, పుంగనూరు, కుప్పము పరిసర గ్రామములనుండి వచ్చి, తలిదండ్రులు టమాటా పండించి కూడఁబెట్టిన సొమ్ముతో విద్య ముగించిన మిమ్ముఁ జూడఁగా, మీ కెదురుకాఁబోవు ప్రశ్న యొకటి నా మనస్సున మెదలుచున్నది. కొలువునకై పోయినచోట నెల్ల మీ యనుభవ మెంత యని యడుగుదురు. అనుభవ మార్జించుట కవకాశ మిచ్చువారు మాత్ర మరుదు. యౌవనమా, అనుభవమా యను నీ వివాదము భారత ఫుట్‌బాల్ జట్టునకును పాతదియే. దానిని నే నెఱిఁగినంతలో చక్కఁగాఁ బరిష్కరించినవాఁడు హైదరాబాదు ఉపాధ్యాయుఁడును, ఆ జట్టు శిక్షకుఁడును నగు సయ్యద్ అబ్దుల్ రహీం.

సికింద్రాబాదు చెంత అమ్ముగూడకుఁ జెందిన పేదబాలుఁడు తులసీదాస్ బలరాం, శిక్షణకై అంతదూరము రాఁజాలక వెనుదీయఁగా, రహీం అద్దె సైకిలుకై దినమున కొక రూపాయి యిచ్చి రప్పించెను. ఆ బలరామే ఇరువదేండ్ల ప్రాయమున 1956 మెల్బోర్న్ ఒలింపిక్ జట్టులో చేరెను. ఆ జట్టు నాలుగవ స్థానము నందెను.

అంతమాత్రమున రహీం యౌవనమును గ్రుడ్డిగా నారాధించెనని తలఁపకుఁడు. 1962 సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడల తుదిపోరున, అంతకుముందు గోలు కాచిన యువకుఁడు బర్మన్‌ను ప్రక్కనుంచి, జ్వరపీడితుఁడైనను పొడగరియు ననుభవశాలియు నగు పీటర్ తంగరాజును నిలిపెను. తలకుఁ గుట్లు పడిన రక్షకుఁడు జర్నైల్ సింగును ముందువరుసకుఁ బంపెను. ఆ జర్నైలును, పి.కె. బెనర్జీయు చెఱియొక గోలు చేయఁగా, తొలిపోటీలో మనల నోడించిన దక్షిణ కొరియాను 2-1 తేడాతో గెలిచితిమి.

వయస్సును గాక మనిషినిఁ జూచి యెన్నుకొనుటయే రహీం విద్య. వృద్ధుఁడు తన స్థానము వీడుట గొప్ప కాదు, యువకుఁడు దానిని లాగికొనుటయుఁ గాదు. తెలిసినవాఁడు తెలియనివానికై తన జేబునుండి రూపాయి తీయుట గొప్ప. క్యాన్సరు బాధతోనే జట్టును నడిపిన ఆ గురువు 1963 జూన్ 11న గతించెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మనకు మరల రాలేదు.

రేపు మీరు మీ యూళ్లకుఁ బోవుదురు గదా. ఆటస్థలపు గట్టున, బూట్లు లేక నిలిచిన బాలుఁ డెవఁడైనఁ గనఁబడిన, వాని పేరడుగుఁడు. ఏ యూరినుండి యెట్లు వచ్చెనో యడుగుఁడు.