స్నానాల తొట్టి శుభ్రం: కొంచెం రసాయన శాస్త్రం

ఈ ప్రసంగంలో మనం స్నానాల గదిలోకి వెళ్దాం. బాత్‌టబ్ మన దేశంలో ఎక్కువ ఇళ్ళలో ఉండదు. బకెట్టు, మగ్గు మనకు అలవాటు. అయినా తొట్టినే ఉదాహరణగా తీసుకుంటున్నాను. బకెట్టుకు, టైల్సుకు, కుళాయికి విడివిడిగా పట్టే మురికి అంతా దానిమీద ఒకేచోట కనిపిస్తుంది. పైగా దాన్ని తోమాలంటే మనిషి తల దాంట్లోకి వంచాలి. ఆ వంగడంలోనే ఒక ప్రమాదం ఉంది.

ముందు ఆ మురికి ఏమిటో చూడండి. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. దీన్నే కఠినజలం అంటాం. ఐఎస్ 10500 అనే మన తాగునీటి ప్రమాణం (2012) ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటి ఆధారం లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఇలాంటి నీళ్ళు గీజరులో కాగినా, తొట్టి అంచున ఆరిపోయినా కాల్షియం కార్బొనేట్ మిగిలిపోతుంది. అదే తెల్లటి గార.

రెండోది సబ్బు జిడ్డు. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. కఠినజలంలోని కాల్షియం దానితో కలిస్తే నీటిలో కరగని, జిగటగా ఉండే పదార్థం ఏర్పడుతుంది. ఒంటి నూనె కూడా చేరి, నీటి మట్టం ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ బూడిదరంగు గీతలా అంటుకుంటుంది.

ఈ రెండూ చూడ్డానికి కలిసే ఉంటాయి కానీ మందులు వేరు. గారను ఆమ్లం కరిగిస్తుంది. జిడ్డును ఆమ్లం కరిగించలేదు. కాల్షియాన్ని లాగేసినా మైనంలాంటి కొవ్వు ఆమ్లం మిగిలే ఉంటుంది. గార మీద జిడ్డు పొర ఉంటే ఆమ్లం గారదాకా చేరనే చేరదు. కనుక వరస ముఖ్యం. మొదట గోరువెచ్చని నీళ్ళు, డిటర్జెంటు, మెత్తటి స్పాంజి. బాగా కడిగేయండి. తర్వాత కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు లీటరు నీళ్ళలో కలిపి, పాత గుడ్డ తడిపి గార ఉన్నచోట పరిచి, పావుగంట ఆగండి. మళ్ళీ కడగండి. గార మందంగా ఉంటే మర్నాడు ఇంకోసారి. బోరు నీళ్ళ ఇనుపమరక కూడా నిమ్మ ఉప్పుకు లొంగుతుంది. అక్కడ బ్లీచింగ్ పౌడరు వేస్తే మరక ఇంకా ముదురుతుంది.

ఫోన్లలో కనిపించే వీడియోల్లో నిమ్మరసంలో వంటసోడా కలిపి చూపిస్తారు. బుసబుస పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాక మిగిలేది చాలావరకు ఉప్పునీళ్ళే.

తొట్టి దేనితో చేశారో కూడా చూసుకోవాలి. అక్రిలిక్ అయితే స్టీలు పీచు, తోముడు పొడి వద్దు, గీతలు పడతాయి. థిన్నరు అసలే వద్దు. ఎనామిల్ పూత ఉన్నదైతే నిమ్మ ఉప్పు నీళ్ళు కూడా ఐదు నిమిషాలకు మించి ఉంచకండి. ఇక కింద నేల సంగతి. పాలరాయి, కడప బండ, తాండూరు బండ, షాబాదు బండ - వీటన్నిటిలో ప్రధానంగా ఉన్నది కాల్షియం కార్బొనేటే, అంటే మనం కరిగించాలనుకుంటున్న గారే! ఆమ్లం పడితే బండ మెరుపు పోతుంది. టైల్సు మధ్య సిమెంటునూ అది తినేస్తుంది. తర్వాత కింది అంతస్తులో తేమ వస్తే ప్లంబరును తిట్టి లాభం లేదు.

ఇప్పుడు అసలు విషయం. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దానితో మరక పోలేదని పైన బ్లీచింగ్ పౌడరు చల్లేవాళ్ళు ఉన్నారు. రెండు ఘాటైనవి కలిస్తే పని త్వరగా అవుతుందని వాళ్ళ నమ్మకం. నిజానికి అక్కడ తయారయ్యేది క్లోరిన్ వాయువు. కాలేజీ ప్రయోగశాలలో క్లోరిన్‌ను పొగ బయటికి లాగే అలమరలోనే తయారు చేయిస్తాం. అదే చర్యను తలుపు వేసిన చిన్న గదిలో, తల తొట్టిలోకి వంచి చేస్తే ఏమవుతుంది? క్లోరిన్ గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. అందుకే అడుగున చేరుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం దీన్ని వదిలినప్పుడు అది కందకాల్లోకి దిగింది. తొట్టి కూడా ఒక చిన్న కందకమే. లీటర్లకొద్దీ అక్కర్లేదు, ఒక మూత ఆమ్లం, గుప్పెడు పొడి చాలు ఊపిరాడకుండా చేయడానికి. నిమ్మ ఉప్పు, వెనిగరు కూడా ఆమ్లాలే, బ్లీచింగ్ పౌడరుతో వాటినీ కలపకూడదు. అమ్మోనియా ఉన్న క్లీనరు కలిస్తే క్లోరమిన్లు వస్తాయి, అవీ విషమే.

నల్లటి బూజు కోసం బ్లీచింగ్ పౌడరు వాడవలసి వస్తే వేరే రోజు పెట్టుకోండి. కిటికీ తెరిచి, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, దాన్ని నీళ్ళతో మాత్రమే కలిపి వాడండి.

ఎప్పుడైనా ఘాటు వాసన వచ్చి దగ్గు, కళ్ళమంట మొదలైతే కడిగేద్దామని అక్కడే నిలబడకండి. వెంటనే బయటికి, మంచి గాలిలోకి రండి. సీసా మూత పెట్టడానికైనా మళ్ళీ లోపలికి వెళ్ళవద్దు. కంట్లో పడితే పావుగంటకు తక్కువ కాకుండా ధారగా నీళ్ళు పోసి కడగాలి. ఆయాసం ఉన్నా, దగ్గు ఆగకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మొదట బాగానే ఉన్నా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే అవకాశం ఉంది. ఏవేవి కలిశాయో డాక్టరుకు చెప్పండి, వీలైతే వాటి పేర్లు కాగితం మీద రాసి ఇవ్వండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే చాలా ఇళ్ళలో తొట్టిలోకి వంగేది ఆమే.