చెరువు గట్టుకు వచ్చు ఉల్లంకులు



శ్రావణమాసమున వరినాట్లు సాగుచుండగనే మన చెరువుగట్లకును, మడుల యంచులకును సన్నకాళ్ల పిట్టలు కొన్ని వచ్చి చేరును. పైన గోధుమవన్నె, క్రింద తెలుపు, నిడుపాటి ముక్కు. గోరువంక కంటె కొంచెము చిన్నవి. ఊరివారు అన్నిటిని ఉల్లంకులే యందురు. పేరొక్కటియే గాని జాతులు మూడు. స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లోనే ఈ మూటికిని వేర్వేరు శాస్త్రనామము లిచ్చియున్నాడు. ఆంగ్లమున వీనిని కామన్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్, వుడ్ శాండ్‌పైపర్ అందురు.

మొదటిదానిని పోల్చుట సులభము. అది యెడతెగక తోకను పైకి క్రిందికి ఊపుచుండును. రొమ్ము ప్రక్కనున్న గోధుమవన్నెకును రెక్కకును నడుమ తెల్లని చీలిక యొకటి భుజము మీదికి ప్రాకును. లేచినపుడు నీటి నానుకొని, రెక్కలు బిగబట్టి కొట్టుచు, నడుమనడుమ జారుచు పోవును. రెక్కపై తెల్లచార కానవచ్చును.

చిక్కంతయు తక్కిన రెంటితోనే. రెంటికిని తోక మొదట తెలుపు కలదు. రెక్కపై చార లేదు. గ్రీన్ శాండ్‌పైపర్ వీపు నలుపు తిరిగియుండును. కంటిపై తెల్లగీత కన్ను దాటి పోదు. వుడ్ శాండ్‌పైపర్ వీపునిండ లేతచుక్కలుండును. తెల్లగీత కంటి వెనుకకు సాగును. కాళ్లు పొడవు, పసుపు. అయినను బురద యంటిన కాలిని చూచి రంగు నిర్ణయించువారి సాహసమునకు మెచ్చుకొనవలసినదే! పిట్ట లేచువరకు ఓపిక పట్టుట మేలు. గ్రీన్‌కు రెక్క అడుగు నలుపు, వుడ్‌కు లేతబూడిద. మొదటిది 'ట్లూయిట్-విట్-విట్' అని కూయుచు ఆకాశమున కెగయును. రెండవది 'చిఫ్-ఇఫ్-ఇఫ్' అనును. మొదటిది తరచు ఒంటరిగా కాలువలలో తిరుగును. రెండవది గుంపులుగా మడులలో మేయును. బురదలో తిరుగు ఈ గ్రీన్ శాండ్‌పైపరే ఉత్తరదేశపు అడవులలో చెట్లెక్కి, ఇతర పక్షులు విడిచిన పాతగూళ్లలో గ్రుడ్లు పెట్టును.

ఈ ఋతువున ఈకలను మాత్రము నమ్మరాదు. పెద్దపిట్టలు అరిగిన ఈకలతో ముందు వచ్చును. ఆ యేటి పిల్లలు క్రొత్తయీకలతో పిదప వచ్చును. చుక్కలు నానాటికి అరిగిపోవును. కావున ఒకే జాతి రెండుగా తోచును, రెండు జాతులు ఒకటిగా తోచును.

ఈ భేదము వినోదమునకు మాత్రమే కాదు. 1987 నుండి ఆసియా దేశములలో జనవరి మాసమున నీటిపక్షులను లెక్కించుచున్నారు. మూటిని ఒకే పేరున వ్రాసినచో ఒక జాతి తరిగిపోయినను తెలియదు. సముద్రతీరమున ఇది మరింత గడ్డుమాట. రష్యా ఈశాన్యపు కొసన గ్రుడ్లు పెట్టి, బర్మా, బంగ్లాదేశ్ తీరములకు వలసవచ్చు గరిటెముక్కు ఉల్లంకులు లోకమున కొన్ని వందలే మిగిలియున్నవి. భారతదేశపు తూర్పుతీరమునను అవి అరుదుగా కానవచ్చినవి. చూచుటకు అది మన తీరమున మందలుగా దిగు లిటిల్ స్టింట్ అను చిన్నపిట్టను పోలియుండును. ప్రక్కనుండి చూచిన గరిటె కానరాదు. కావున అట్టి మందను చూచినవారు ప్రతి పిట్టయు ముఖము త్రిప్పి ముక్కును ఎదురుగా చూపువరకు వేచియుండవలెను.