ముందు లెక్కలు, తర్వాత దరఖాస్తు

 

ఇవాళ పట్టాలు అందుకున్న మీలో కొందరు ఎకనామిక్స్‌లో పీజీకి దరఖాస్తు పెడుతున్నారని విన్నాను. ఈ కాసేపూ నా మాటలు వాళ్ళకే. మిగతావాళ్ళు ఓపిక పట్టాలి.

ముందు చేదు మాట. ఎకనామిక్స్ సీటుకు అడ్డం పడేది లెక్కలు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎంఎస్‌క్యూఈ (క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పీజీ) ప్రవేశ పరీక్షలో ఒక పేపరంతా గణితమే. ఎకనామెట్రిక్స్‌లో పెద్ద పేరు జి.ఎస్. మద్దాల. ఆయన 1955లో ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ చేసింది గణితంలో, 1957లో బొంబాయిలో ఎంఏ చేసింది స్టాటిస్టిక్స్‌లో. ఆ తర్వాతే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్ళి, 1963లో షికాగోలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ. రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన దువ్వూరి సుబ్బారావు గారు మొదట చదివింది ఫిజిక్స్. కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ముందే నేర్చుకోండి; బీఏలో సరిగ్గా చెప్పలేదంటే తప్పు సిలబస్‌దే, సీటు పోయేది మాత్రం మీకు.

ఇక ఎస్‌ఓపీ, అంటే దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. "చిన్నప్పటినుంచీ దేశానికి సేవ చేయాలని" అని మొదలుపెట్టకండి, చదివేవాళ్ళకు విసుగొస్తుంది. దానికి బదులు, ఆదివారం పొద్దున హైదరాబాద్ ఆబిడ్స్‌కు వెళ్ళండి. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. కొనేవాడు చివరి పేజీలు తిప్పుతాడు, చినిగాయేమోనని. అమ్మేవాడు కొనేవాడి ముఖం చూస్తాడు, అవసరం ఎంతుందోనని. ఒకరికి తెలిసింది రెండోవారికి తెలియదు. ఎకనామిస్టు జార్జ్ ఎకర్లాఫ్ 1970లో సెకండ్‌హ్యాండ్ కార్ల మీద రాసింది ఇదే సంగతి. ఆ వ్యాసాన్ని అంతకుముందు మూడు పత్రికలు తిప్పి పంపాయి; 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. రేటు రాసి పెట్టనిచోట బేరం ఎవరికి కలిసొస్తుంది? కొన్ని వారాలు ధరలు నోట్ చేసుకుని, కనిపించింది రాయండి. మీ ఎస్‌ఓపీ వేరేవాళ్ళది కాకుండా ఉంటుంది.

ఊరు వదలలేనివాళ్ళకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాస్తే చాలు. 

విదేశాలకు పెట్టేవాళ్ళకు చివరి మాట. అక్కడ చాలాచోట్ల గడువు డిసెంబరులో పడుతుంది. రికమండేషన్ లెటర్ కోసం గడువు రాత్రి మీ సార్‌కు వాట్సాప్ పెట్టకండి. మార్కుల మెమోలు, ఎస్‌ఓపీ చిత్తుప్రతి పట్టుకుని ముందే కలవండి. మీ సార్లూ మేడమ్‌లూ ఈ హాల్లోనే ఉన్నారు, వెళ్ళేలోపు ఒక మాట వేసి ఉంచండి.