చిన్న కుక్కపిల్ల ఇంట్లోనే ఉచ్చ పోస్తోందా? కొట్టే ముందు ఇది చూడండి

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం కంపు కొడుతుంది, ముందే చెప్తున్నా. అన్నం తింటూ చూసేవాళ్ళు తినేసి రండి.

పోయిన నెల కుప్పం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, షిట్జూ పిల్లను తెచ్చుకుని నెలైంది. ఇల్లంతా ఉచ్చే. అమ్మ నా వల్ల కాదంటోంది. ఆదివారం యాడన్నా వదిలేసి రమ్మంటా ఉండారు. ఏం చేసేది?"

ఆ మెసేజ్ చదవగానే నాకు కడుపులో ఒక రకంగా అయింది. ఎందుకంటే 2021లో మా నాయన నాతో ఇదే మాట అన్నాడు.

అప్పుడు నేను సాఫ్ట్‌వేర్ జాబ్. వర్క్ ఫ్రమ్ హోమ్ అని మదనపల్లెకి వచ్చేసినా. రెండు నెలల స్పిట్జ్ పిల్లను తెచ్చుకున్నా. మన ఊర్లలో పామరేనియన్ అని పిలుస్తాం చూడండి, అది. పేరు లడ్డు. మొదటి వారం ఇంట్లో అందరికీ ముద్దు. రెండో వారం మా అవ్వ చాప మీద పోసింది. మూడో వారం తులసి కోట దగ్గర పోసింది. అంతే, ఇల్లు రణరంగం. నాయన ఒకటే మాట: "ఆదివారం లోపల దీన్ని ఎవురికన్నా ఇచ్చేయ్."

నేనేం చేశానో కూడా చెప్తా, దాచుకునేది ఏముంది. పేపర్ చుట్టి కొట్టినా. ముక్కు పట్టుకుని ఉచ్చ దగ్గరికి తీసుకుపోయి "ఇదేంది? ఇదేంది?" అని అరిచినా. నాలుగు రోజులకు లడ్డు నా ముందు పోయడం మానేసింది. హమ్మయ్య, నేర్చుకునిందిలే అనుకున్నా. శనివారం మంచం జరిపి చూస్తే దాని కింద మొత్తం ఎండిపోయిన మరకలు. అంటే అది నేర్చుకున్న పాఠం "ఇంట్లో పోయకూడదు" అని కాదు. "వీడు చూస్తుండగా పోస్తే దెబ్బలు పడతాయి" అని. ఇంకా ఘోరం ఏందంటే, నేను వంగి ఎత్తుకోబోతే చాలు, భయంతో అక్కడికక్కడే పోసేసేది.

ఆ ఆదివారం లడ్డును బుట్టలో పెట్టుకుని పుంగనూరు పోయినా, మా అత్త వాళ్ళింట్లో వదిలేద్దామని. అత్తకు ఒక పుంగనూరు ఆవు ఉంది. మీరు రీల్స్‌లో చూసుంటారు, మూడడుగులు కూడా ఉండవు, ప్రపంచంలోనే పొట్టి జాతుల్లో ఒకటి. పక్కనే పలమనేరులో ఈ జాతిని కాపాడే పశు పరిశోధన కేంద్రం ఉంది. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో మేత తిన్నవి కూడా ఈ పుంగనూరు ఆవులే. ఇప్పుడు సిటీల్లో చాలామంది వీటిని హాల్లోకి కూడా తెచ్చి తిప్పుకుంటున్నారు.

నేను అడిగినా, "అత్తా, ఇది వరండాలోనే ఉంటుంది కదా, నేల ఇంత శుభ్రంగా ఎట్ల?" అత్త నవ్వింది. "అది లేస్తానే పోస్తాది. మేత తిన్నాక కాసేపటికి పోస్తాది. నేను ముందే బయటికి తోలుకుపోతా. దానికి నేనేం నేర్పలేదురా, దాని టైమ్ నేను నేర్చుకున్నా."

నేను లడ్డును వదల్లేదు. బుట్టతో సహా తిరిగి తెచ్చేసినా. నాయన్ని ఇంకో రెండు వారాలు అడుక్కున్నా.

సాఫ్ట్‌వేర్ వాడికి బగ్ దొరక్కపోతే ఏం చేస్తాడు? లాగ్స్ చూస్తాడు. ఫోన్‌లో ఒక షీట్ పెట్టినా. తిన్న టైమ్, లేచిన టైమ్, ఆడిన టైమ్, పోసిన టైమ్. మూడు రోజులకే బొమ్మ క్లియర్. ముప్పావు భాగం మూడే సందర్భాల్లో: నిద్ర లేచిన వెంటనే, తిన్న పావుగంట అరగంట లోపల, గట్టిగా ఆడుకున్నాక. బగ్ కుక్కలో లేదు ఫ్రెండ్స్, మన టైమ్‌టేబుల్‌లో ఉంది.

ఇప్పుడు అసలు పద్ధతి. నోట్ చేసుకోండి.

మొదటిది, అది ఎంతసేపు ఆపుకోగలదో తెలుసుకోండి. ఒక మోటు లెక్క: ఎన్ని నెలల పిల్లయితే దానికి ఒకటి కలపండి, అన్ని గంటలు. రెండు నెలల పిల్ల మహా అంటే మూడు గంటలు. మేలుకుని ఆడుతుంటే ఇంకా తక్కువ. చిన్న జాతులకు మూత్ర సంచి కూడా చిన్నదే, అందుకే ఇంకాస్త ముందే తీసుకుపోండి. అంతకు మించి వదిలేసి పోస్తే, అది దాని తప్పు కాదు.

రెండోది, చోటు ఒక్కటే పెట్టండి. టీకాలు పూర్తి కాకముందు వీధిలోకి వద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, దాదాపు 16 వారాల దాకా సాగుతాయి. అందాకా మిద్దె మీద ఒక మూల, ఒక ట్రే, అందులో కొంచెం మట్టి. మెట్ల మీద నడిపించొద్దు, ఎత్తుకుపోండి. చేతుల్లో ఉంటే మామూలుగా ఆపుకుంటుంది. ఎండాకాలం మిద్దె పెనంలా కాలుతుంది, ట్రే నీడలో పెట్టండి.

మూడోది, పోయగానే అక్కడే బహుమతి. ఉడికిన గుడ్డులో చిటికెడు చాలు. కిందికి దిగొచ్చాక ఇస్తే, దిగినందుకు ఇచ్చారనుకుంటుంది. ప్రతిసారీ ఒకే మాట వాడండి. నేను "సుస్సు" అనేవాణ్ణి. పోయగానే లోపలికి లాక్కురావద్దు, రెండు నిమిషాలు ఆడించండి. లేదంటే "పోస్తే ఆట అయిపోతుంది" అని ఆపుకోవడం మొదలుపెడుతుంది.

నాలుగోది, ఇల్లంతా తిరగనివ్వొద్దు. మీ కళ్ళ ముందు ఒక గది, లేదా మీ కుర్చీకి చిన్న తాడు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే ఎత్తుకుని పరుగో పరుగు.

ఐదోది, కడగడం. ఫినాయిల్ వాసన మన ముక్కుకు. కింద ఉచ్చ వాసన దాని ముక్కుకు ఇంకా తెలుస్తూనే ఉంటుంది, మళ్ళీ అక్కడే పోస్తుంది. పైగా ఆ తడిలో నడిచి కాళ్ళు నాకితే ఫినాయిల్ కడుపులోకి పోతుంది. ముందు గుడ్డతో అద్ది, సబ్బు నీళ్ళతో కడిగి, ఎంజైమ్ క్లీనర్ వేయండి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బ్లీచింగ్ మాత్రం ఉచ్చ మీద పోయొద్దు, ఘాటు గ్యాస్ వస్తుంది.

"అన్నా, తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూస్తే అర్థమవుతుంది" అంటారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని పరీక్షించింది. ఆ దొంగ మొహం తప్పు చేసినందుకు కాదు, ఓనర్ తిట్టినప్పుడు వస్తుందని తేలింది. ఏ తప్పూ చేయని కుక్క కూడా తిడితే అదే మొహం పెట్టింది. కాబట్టి పోస్తుండగా చూస్తే మెల్లగా పిలిచి ఎత్తుకుపోండి. తర్వాత చూస్తే నోరు మూసుకుని తుడవండి.

ఇంకో తమాషా. 2021లోనే జర్మనీలో 16 దూడలకు టాయిలెట్ ట్రైనింగ్ ఇచ్చారు. సరైన చోట పోస్తే తినడానికి, తాగడానికి ఏదైనా ఇవ్వడం, బయట పోస్తే కాసిని నీళ్ళు చల్లడం. 11 నేర్చుకున్నాయి. ఆవు నేర్చుకుందంటే మీ పప్పీకి ఏం తక్కువ?

ఒక హెచ్చరిక. అన్నీ చేసినా చుక్కలు చుక్కలుగా మాటిమాటికీ పోస్తున్నా, రక్తం కనపడినా, బాగా నేర్చుకున్నది ఉన్నట్టుండి తప్పినా, అది జబ్బు కావచ్చు. పశువుల డాక్టర్ దగ్గరికి పోండి. ఉచ్చ తగ్గుతుందని నీళ్ళు మాత్రం ఆపొద్దు.

లడ్డుకు పూర్తిగా అలవాటు కావడానికి ఐదు నెలలు పట్టింది. మధ్యలో ఎన్నోసార్లు తప్పింది. రెండు వారాలు అని గడువు పెట్టిన నాయన, పదో రోజు తెల్లారి తనే దాన్ని ఎత్తుకుని మిద్దెక్కడం చూసినా. నేనేం అడగలేదు, ఆయనేం చెప్పలేదు.

ఇప్పుడు కుప్పం తమ్ముడి సంగతి. అతను పొద్దున ట్రైన్‌కి బెంగళూరు పోతాడు, రాత్రికి వస్తాడు. పన్నెండు గంటలు. మూడు నెలల పిల్ల అంతసేపు ఎట్ల ఆపుకుంటుంది? ఫోన్‌లో ఒకటే చెప్పినా: "పొద్దున, రాత్రి నువ్వు. మధ్యలో అమ్మను బతిమాలుకో. ఆమె మెట్లెక్కలేకపోతే బాత్రూమ్‌లో ట్రే పెట్టు. ఎవరూ లేని రోజు పక్కింటి పిల్లల్ని అడుగు. ఇవేవీ కుదరవంటే, తెలిసినవాళ్ళకు చేతికి అప్పగించు. రోడ్డు మీద మాత్రం వదలొద్దు." ఇంట్లో పెరిగిన చిన్న కుక్క వీధి కుక్కల మధ్య ఎన్ని రోజులు బతుకుతుంది చెప్పండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం ఆకలిదప్పులకు అట్ల వదిలేయడం నేరం కూడా.

మొన్న మెసేజ్ వచ్చింది. "తొమ్మిది రోజులైంది అన్నా. నిన్న ఒక్కసారే తప్పింది. అమ్మ తిట్టుకుంటానే తుడిచింది. ఆదివారం మాట మళ్ళీ ఎవురూ ఎత్తలేదు."

మీ ఇంట్లో కూడా ఆ ఆదివారం దగ్గర పడుతుంటే, ముందు మూడు రోజులు టైమ్ రాసి చూడండి. రాసింది కామెంట్‌లో పెట్టండి, కలిసి చూద్దాం. ఉంటా ఫ్రెండ్స్. లడ్డు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది, దాని టైమ్ అయింది.