ఎదుగు బిడ్డకు ఎడతెగని మందు



బాన్సువాడ ప్రాంతమున పొలమున్న ప్రతివానికిని నీటివంతు విలువ తెలియును. నిజాంసాగరు కాలువనీరు వంతు తప్పిన చేను ఆనాటికి పచ్చగనే కనబడును. నష్టము పిదప తెలియును. నేడు నేను ప్రసంగింపదలచిన విషయమును ఇట్టిదే. హెచ్.ఐ.వి. సోకిన 10 మొదలు 19 ఏండ్ల వయస్సుగల బాలబాలికలు మందు మానకుండ చూచుకొనుట యెట్లు? ఇది వైద్యుని పని యని మీరనవచ్చును. వైద్యుని పని సగమే. తక్కిన సగము ఇంటిపెద్దలది, ఊరిపెద్దలది.

ఈ బిడ్డలలో పెక్కుమందికి తల్లి గర్భమునందో, ప్రసవసమయమునందో, చనుబాలవలననో ఈ వ్యాధి సంక్రమించినది. ఇందు వారి దోషమేమియు లేదు. మన దేశమున హెచ్.ఐ.వి. మొట్టమొదట 1986లో మద్రాసున కనుగొనబడినది. 2004 ఏప్రిలు 1వ తేదీన ప్రభుత్వము ఏ.ఆర్.టి. మందులను ఉచితముగ నిచ్చుట ఆరంభించినది. 2006లో పిల్లల చికిత్సకై ప్రత్యేక కార్యక్రమమును నెలకొల్పినది. 2017 నుండి వ్యాధి నిర్ధారణయైన ప్రతివారికిని, బలహీనపడువఱకు వేచియుండక, మందు ఇచ్చుచున్నారు. పూర్వము పసితనముననే మరణించుచుండిన బిడ్డలు నేడు ఉన్నత పాఠశాలలకు, కళాశాలలకు పోవుచున్నారు. ఇది గొప్ప విజయము. ఈ విజయమును నిలుపుకొనుటయే మన ముందున్న కార్యము.

ఈ మందు వైరసును నిర్మూలింపదు, అణచియుంచును. ప్రతిదినము వేళకు మ్రింగినచో రక్తములోని వైరసు పరీక్షకు సైతము అందనంతగా తగ్గును. అట్లు తగ్గి నిలిచియున్నవారినుండి దాంపత్యమున భాగస్వామికి వ్యాధి సోకదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. తఱచుగ మానినచో వైరసు మరల పెరుగును. ఆ మందునకు లొంగని స్వభావమును గూడ అలవఱచుకొనవచ్చును. అంతట దేహబలము సన్నగిల్లి క్షయ మొదలగు రోగములు మీదబడును. చక్కగ తిరుగుచున్న బిడ్డ మన చేజారిపోవచ్చును.

"పిల్లగాడు మంచిగనే ఉన్నడు గద, ఇంక మందెందుకు?" అని గ్రామములలో పెద్దలు నన్నడుగుచుందురు. మంచిగ నుండుట మందు చలువయే యని నా ప్రత్యుత్తరము. ఇంతకాలము బుద్ధిగా మ్రింగిన బిడ్డ పదునాలుగవ యేట ఏల మొండికెత్తునని మరికొందఱు అడుగుదురు. దీనికి కారణములు పలువిధములు. బలమునకు మందని చెప్పగా నమ్మిన బిడ్డ, నిజము పరులనోట విని అలుగును. తల్లిదండ్రులు లేని యింట అవ్వ ముసలిదగును. వేళకు జ్ఞాపకము చేయువారుండరు. వసతిగృహమున తోటివారు చూతురను భయము కలుగును. బాన్సువాడనుండి నిజామాబాదు పోయివచ్చుటయే దాదాపు 100 కిలోమీటర్ల ప్రయాణము; వరినాట్లవేళ ఒకదినపు కూలి పోవును. ఎవరైన చూతురని దగ్గరి ఆసుపత్రిని విడిచి దూరమునకు పోవువారును గలరు.

కావున మూడు కార్యములు మీ వలన కావలసియున్నవి.

మొదటిది సత్యము. బడియీడు బిడ్డకు తన వ్యాధిని గూర్చి తెలుపవలెననియు, అంతకంటె చిన్నవారికి వయస్సునకు తగినట్లు కొంచెము కొంచెముగ చెప్పవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించినది. ఆసుపత్రిలోని సలహాదారుని తోడు తీసికొని, ప్రేమించువారే ఆ మాట చెప్పుట మేలు.

రెండవది గోప్యము. బిడ్డకు చెప్పుట వేఱు, ఊరికి చాటుట వేఱు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము, ఒకరి వ్యాధిని వారి సమ్మతిలేక వెల్లడించుట కూడదు. ఈ కారణమున బడిలో ప్రవేశము నిరాకరించుటయు కూడదు. తల్లిదండ్రులు లేనిచోట, 12 ఏండ్లు నిండి వ్యవహారజ్ఞానము గల అన్నయైనను అక్కయైనను తోబుట్టువుల చికిత్సకు, చదువునకు సంరక్షకులు కావచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది.

మూడవది తోడు. ఆఫ్రికాలోని జింబాబ్వేలో 2004లో ఆరంభమైన కార్యక్రమ మొకటి గలదు. దాని పేరు జ్వాందిరి. షోనా భాషలో "నేనున్నట్లుగనే" యని దాని యర్థము. హెచ్.ఐ.వి.తోనే పెరిగిన 18 మొదలు 24 ఏండ్ల యువతీయువకులు తమకంటె చిన్నవారి యిండ్లకు పోయి, మాటలాడి, మందు మానకుండ చూతురు. ఇట్టి తోడు పొందిన పిల్లలలో వైరసు అదుపుతప్పినవారు తక్కువయని 2020లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలినది. చెప్పుటకు వైద్యుడున్నను, వినుటకు స్నేహితుడు కావలెనని దీనివలన మనము గ్రహింపవలెను.

తోడుండుటకు గొప్ప ధనము అక్కఱలేదు. అవ్వ పోలేని దినమున బిడ్డను బస్సెక్కించి వెంట పోవుడు. నిలుకడగ నున్నవారికి ఒకే పర్యాయమున ఎన్ని నెలల మందు ఇత్తురో వైద్యుని అడుగుడు. చదువుకై వేఱొక ఊరు పోవునప్పుడు అచ్చటి కేంద్రమునకు మార్పు పత్రము ముందే తీసికొనుడు. మందు మానిన బిడ్డను తిట్టక, ఏల మానెనో అడిగి మరల కేంద్రమునకు తోడ్కొనిపోవుడు. సందేహమున్న 1097 సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకయే సలహా లభించును.

బిడ్డ అలిగి మందు దూరముగ నెట్టిన రాత్రి వైద్యుడు దగ్గర నుండడు. మీరుందురు. ఆ రాత్రి మీరు పలుకు మెత్తని మాటమీదనే ఆ బిడ్డ రేపటి బ్రదుకు ఆధారపడియున్నది.