గ్రుడ్డట్టు
(పాఠశాల వార్షికోత్సవ ప్రసంగము)

గ్రుడ్లు పగులనిదే ఆమ్లెట్టు కాదని ఆంగ్లేయుల సామెత. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, బరంపురముతో గంజాం జిల్లాలో అధికభాగము మద్రాసు రాజధానినుండి విడివడిన సంగతి తలచినపుడెల్ల మాకది జ్ఞప్తికి వచ్చును. ఒడియా సోదరుల చిరకాలవాంఛ న్యాయమైనదే. పగిలిన గ్రుడ్లలో మాత్రము మనమును ఉంటిమి.

అయినను గ్రుడ్డు పగిలినంతనే అట్టు కాదు. ఉల్లి, పచ్చిమిరప, ఉప్పు చేర్చి గిలకొట్టి, కాగిన పెనముపై పోసి, అదను చూచి తిరుగవేయవలెను, ఆలసించిన మాడును. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము పెనము వంటిది. పిల్లలను తెలుగు తరగతిలో చేర్పనిచో అది వట్టిగా కాగుచుండును.

ఒడియా నేర్చుటకు మనకు వెరపు లేదు. అట్టు పెట్టినవారికి అట్టున్నర పెట్టుట మన ఆచారము. ఇంట మాత్రము గ్రుడ్డట్టు అను మాటను పోనీయకుడు.